మైకు సెట్టుకు తగిన హారన్

మైకు సెట్టులో ముఖ్యమైన వస్తువులు మూడు: మాటను పట్టే మైకు, దాన్ని పెంచే యాంప్లిఫయర్, గాలిలోకి వదిలే హారన్. మూడూ కొని వైర్లు కలిపినంత మాత్రాన పని కాదు. యాంప్లిఫయర్ ఇవ్వగలిగిన శక్తి అంతా హారన్‌కు చేరాలి, చేరేటప్పుడు రెండింటిలో ఏదీ కాలిపోకూడదు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పట్టణాల్లో మైకు సెట్లు కిరాయికిచ్చే దుకాణాలవాళ్ల అసలు పనితనం ఈ జోడీ కుదర్చడంలోనే ఉంది. ఈ మూడు పట్టణాలూ 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రాలయ్యాయి. అంతకు ముందు మూడూ ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలోవి, జనం నోట పాలమూరులోవి.

మైకు రాకముందు సభ అంటే గొంతు అందినంత మేర కూర్చున్న జనమే. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాలు కవులనూ పండితులనూ పోషించాయి. గద్వాలకు ‘విద్వద్గద్వాల’ అన్న బిరుదు ఆ పోషణ వల్లే వచ్చింది. జంట అవధానులైన తిరుపతి వేంకట కవులు ఈ సంస్థానాలకు వచ్చి సన్మానాలు అందుకున్నారు. అవధానం లాంటి విద్యలో పృచ్ఛకుడి ప్రశ్న అవధానికి, అవధాని పూరణ సభకు స్పష్టంగా వినపడాలి. అందుకే అది కొలువుకూటానికో మండపానికో తగిన విద్యగా నిలిచింది. ఆరుబయట ఆడే వీధి భాగవతం, చిందు యక్షగానం వేరే దారి పట్టాయి. అక్కడ పాట పైశ్రుతిలో సాగుతుంది, ప్రతి చరణాన్నీ వంత అందుకుంటుంది, మాటకు మాటకు మధ్య మద్దెల, తాళం ఉంటాయి. చివరి వరుసలో ఉన్నవాడికి మాట తప్పిపోయినా కథ తప్పిపోకుండా ఉండటానికి తరతరాలుగా కుదిరిన పద్ధతి అది. సర్కారు మాట ఊరికి చేరాలంటే డప్పు మోగించి దండోరా వేయడమే మార్గం. అది వాడవాడకూ నడిచి చెప్పాల్సిన మాట.

విద్యుత్తుతో గొంతు పెంచే లౌడుస్పీకరు 20వ శతాబ్దపు రెండో దశకంలో అమెరికాలో పుట్టింది. 1915లో కాలిఫోర్నియాలో పీటర్ జెన్సెన్, ఎడ్విన్ ప్రిధమ్ దాన్ని ప్రదర్శించారు. 1919 సెప్టెంబరులో శాన్ డియెగోలో అధ్యక్షుడు విల్సన్ దాని సాయంతోనే వేలాది జనం ముందు మాట్లాడారు. భారతదేశంలో 1930ల నుంచి కాంగ్రెస్ మహాసభలకు నానిక్ మోత్వానీ నడిపిన చికాగో రేడియో సంస్థ లౌడుస్పీకర్లు అమర్చింది. 1940లో ఢిల్లీలో అహుజా సంస్థ మొదలైంది. తర్వాతి దశాబ్దాల్లో దేశంలోని చిన్న పట్టణాల్లో మైకు సెట్టు అంటే చాలావరకు ఆ పేరే.

పాలమూరు ఉన్న నిజాం రాజ్యంలో మైకు ఆలస్యం కావడానికి సాంకేతిక కారణం ఒక్కటే కాదు. బహిరంగ సభ జరపాలంటే గస్తీ నిషాన్ 53 అనే సర్కారు ఉత్తర్వు కింద ముందుగా అనుమతి తీసుకోవాలి. సభకే అనుమతి దొరకని చోట సభకు మైకు కిరాయికిచ్చే వ్యాపారం ఎలా నిలుస్తుంది? 1948 సెప్టెంబరులో నిజాం పాలన ముగిసింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి, సంస్థానాల పాలన కూడా ఆ మార్పుల్లోనే కలిసిపోయింది. ఆ తర్వాత మొదటి సార్వత్రిక ఎన్నికలు వచ్చాయి. ఇటిక్యాలపాడుకు చెందిన, గోలకొండ పత్రిక నడిపిన సురవరం ప్రతాపరెడ్డి 1952లో వనపర్తి నుంచి హైదరాబాదు శాసనసభకు ఎన్నికయ్యారు. ఓటరు ప్రతి గ్రామంలోనూ ఉన్నాడు, పత్రిక చదవగలిగినవాడు కొందరే. అలాంటి చోట ఎన్నికల ప్రచారానికి గొంతును మించిన సాధనం లేదు. తెలంగాణ పల్లెల్లో మైకుకు నిలకడైన గిరాకీ తెచ్చింది ఎన్నికలే అనడం సబబు. పెళ్లిళ్లు, జాతరలు దాన్ని ఏటేటా నిలబెట్టాయి.

మైకు సెట్టు విద్యకు రేడియో కూడా ఒక గురువు. హైదరాబాదులో ప్రైవేటుగా మొదలైన దక్కన్ రేడియోను 1935లో నిజాం ప్రభుత్వం తీసుకుంది. 1950 ఏప్రిల్ 1న అది ఆకాశవాణిలో కలిసింది. ఆ తర్వాత గ్రామాల్లో పంచాయతీ రేడియోలు వచ్చాయి. పంచాయతీ కార్యాలయంలో సెట్టు, గోడ మీదో చెట్టు మీదో హారన్, సాయంత్రం వ్యవసాయ కార్యక్రమం, వార్తలు. సెట్టు చెడిపోతే బాగుచేసేవాడు కావాలి. రేడియో మరమ్మతు తెలిసినవాడికి యాంప్లిఫయర్ లోపలి సంగతి కొత్త కాదు. రేడియో రిపేరు దుకాణమే చాలాచోట్ల మైకు సెట్టు దుకాణం కూడా కావడంలో ఆశ్చర్యం లేదు. 1959లో వనపర్తి రాజప్రాసాదంలో పాలిటెక్నిక్ మొదలై పుస్తకాల చదువు తెచ్చింది. బజారులోని పని మాత్రం చేతి నుంచి చేతికే అందింది.

తొలి యాంప్లిఫయర్లు వాల్వులవి. గాజు గొట్టాల్లోని తీగ వేడెక్కి ఎర్రబడితేగానీ ధ్వని రాదు. అందుకే కార్యక్రమానికి ముందే సెట్టు వేసి ఉంచేవాళ్లు. వాల్వు నడవడానికి వందల వోల్టులు కావాలి, స్పీకరుకు కావలసింది తక్కువ వోల్టేజి, ఎక్కువ కరెంటు. ఈ రెండింటి మధ్య అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ నిలబడి లెక్క సరిచేస్తుంది. దాని ద్వితీయ చుట్టకు 4, 8, 16 ఓముల కొసలు విడివిడిగా తీసి, సెట్టు వెనక స్క్రూలకు బిగించేవాళ్లు. హారన్ యూనిట్ సాధారణంగా 16 ఓములది. ఒక్క హారన్ అయితే 16 దగ్గర, రెంటిని సమాంతరంగా కలిపితే 8 దగ్గర, నాలుగైతే 4 దగ్గర తగిలించాలి. రెండేసి హారన్లను ఒకదాని వెంట ఒకటి వేసి, ఆ జతలను పక్కపక్కన కలిపితే నాలుగు హారన్లు మళ్లీ 16 ఓములే అవుతాయి. ఈ లెక్క మైకు సెట్టు పనివాడికి ఎక్కాలంత సులువుగా రావాలి. వాల్వు సెట్టుకు ఇంకో కట్టడి ఉంది: హారన్ తగిలించకుండా ధ్వని పెంచకూడదు. శక్తి తీసుకునే హారన్ లేకపోతే ట్రాన్స్‌ఫార్మర్ ప్రాథమిక చుట్టలో వోల్టేజి ఎగబాకి, చుట్టల మధ్య పూత చిల్లిపడి ట్రాన్స్‌ఫార్మరే పోతుంది.

పెళ్లి పందిరికి ఈ లెక్క చాలు. జాతరకు చాలదు. మాఘంలో గద్వాల పక్కన జమ్ములమ్మ జాతర, సంక్రాంతికి కొల్లాపురం దగ్గర సింగోటం లక్ష్మీనరసింహస్వామి జాతర, కార్తీకంలో కురుమూర్తి ఉత్సవాలు, మహాశివరాత్రికి అలంపురం: వీటిలో జనం ఒకచోట కూర్చోరు, గుడి నుంచి బండ్లు ఆగేచోటి దాకా పరుచుకుంటారు. తప్పిపోయిన పిల్లవాడి పేరు అన్నిచోట్లా వినపడాలి. యాంప్లిఫయర్ ఒకచోట ఉంటుంది, హారన్లు వందల మీటర్ల దూరంలో కర్రల మీద ఉంటాయి. కష్టం అక్కడే మొదలవుతుంది. ఒక చదరపు మిల్లీమీటరు మందం ఉన్న రాగి తీగకు కిలోమీటరుకు దాదాపు 17 ఓముల నిరోధం ఉంటుంది. 200 మీటర్ల దూరానికి పోను రాను తీగ 400 మీటర్లు, అంటే సుమారు 7 ఓములు. 16 ఓముల హారన్‌ను నేరుగా ఆ తీగ చివర కడితే మొత్తం 23 ఓముల్లో 7 ఓముల వాటా తీగదే. యాంప్లిఫయర్ నుంచి బయలుదేరిన శక్తిలో నూటికి 30 పాళ్లు దారిలోనే వేడిగా పోతుంది.

దీనికి దొరికిన పరిష్కారం కరెంటు శాఖ చేసే పనే: వోల్టేజి పెంచి పంపడం, అవతల తగ్గించి వాడుకోవడం. యాంప్లిఫయర్ వెనక 70 వోల్టులు, 100 వోల్టులు అని రాసి ఉండే స్క్రూలు అందుకే. హారన్ దగ్గర చిన్న లైన్ మ్యాచింగ్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. 100 వోల్టుల లైను మీద 30 వాట్లు తీసుకునే హారన్ లైనుకు 333 ఓములుగా కనపడుతుంది. అదే 7 ఓముల తీగలో ఇప్పుడు పోయేది నూటికి రెండు పాళ్లు. ఇంకో మేలు కూడా ఉంది. ఓముల లెక్క పక్కన పెట్టి వాట్లు కూడితే చాలు. 100 వాట్ల సెట్టుకు 30 వాట్ల హారన్లు మూడు పెట్టవచ్చు, నాలుగోది పెడితే భారం ఎక్కువవుతుంది. లేదా ట్రాన్స్‌ఫార్మర్ కొస 15 వాట్లకు మార్చి ఆరు హారన్లు కట్టవచ్చు. జనం పలుచగా ఉన్న చోట తక్కువ వాట్ల కొస, బండ్లు ఆగేచోట ఎక్కువ వాట్ల కొస. జాతరలో మైకు కట్టడం చూసినవాళ్లకు తెలిసే ఉంటుంది: పనివాడు పంటితో వైరు తొక్క లాగి, రాగి పోగులను మెలిపెట్టి, కొసను స్క్రూ కింద సవ్యదిశలో చుట్టి బిగిస్తాడు. అపసవ్యంగా చుడితే బిగించే కొద్దీ కొస బయటికి జారుతుంది. ఒకేవైపు చూసే రెండు హారన్లు ఉంటే ఎర్ర కొస ఎర్ర కొసకే పడాలి. తారుమారైతే ఒకటి గాలిని నెట్టేటప్పుడు రెండోది లాగుతుంది, రెండింటి మధ్య నిలబడినవాడికి మాట పలుచబడి వినిపిస్తుంది.

అంత జనానికీ ఒక్కో హారన్‌కు 30 వాట్లే చాలుతున్నాయంటే, ఆ బలం హారన్‌ది. లోపలి డయాఫ్రం చిన్నది. దాని ముందున్న మడతల గొట్టం మెల్లగా విప్పారుతూ గాలితో దానికి పట్టు కుదురుస్తుంది. ఇదీ ఒక పొంతనే, విద్యుత్తుకు బదులు గాలితో. మంచి హారన్‌కు ఒక వాటు ఇస్తే ఒక మీటరు దూరంలో దాదాపు 110 డెసిబెల్ ధ్వని వస్తుంది. 30 వాట్లకు అది 125 దాకా పోతుంది. దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్ తగ్గినా, ఆరుబయట 100 మీటర్ల దూరంలో ఇంకా 85 డెసిబెల్ మిగులుతుంది. గొంతుకు అవసరమైన స్వరాలను మాత్రమే హారన్ మోస్తుంది. కింది స్వరాలు దాని గొట్టంలో ఇమడవు. వాటిని బలవంతాన పంపితే డయాఫ్రం ఊగి ఊగి చిరుగుతుంది. అందుకే పనివాళ్లు బేస్ నాబ్ పూర్తిగా తగ్గించి ఉంచుతారు.

హారన్‌కు పూర్తిగా ఎదురుకొసన ఉన్న స్పీకరు ఎలక్ట్రోస్టాటిక్. ఇది ఇంట్లో ప్రశాంతంగా సంగీతం వినేవాళ్ల కోసం పుట్టింది. ఇంగ్లండులో పీటర్ వాకర్ తయారుచేసిన క్వాడ్ ఎలక్ట్రోస్టాటిక్ 1957లో అమ్మకానికి వచ్చింది. రెండు చిల్లుల పలకల మధ్య పలుచని ప్లాస్టిక్ పొర ఉంటుంది. దానికి వేల వోల్టుల ఆవేశం ఎక్కించి, పలకలకు ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా పాట సంకేతం ఇస్తే పొర కదులుతుంది. అందులో తీగచుట్ట గానీ, అయస్కాంతం గానీ లేవు. స్వచ్ఛతలో దానికి సాటి అప్పట్లో దాదాపు లేదు. యాంప్లిఫయర్‌కు మాత్రం అది కెపాసిటర్‌గా కనపడుతుంది. నిరోధం స్వరం హెచ్చే కొద్దీ తగ్గుతూ, వినికిడి అంచున 2 ఓముల కిందికి దిగుతుంది. వాకర్ దానికి జోడీగా ఉద్దేశించిన క్వాడ్ 2 యాంప్లిఫయర్ 1953 నాటిది, వాల్వులది, 15 వాట్లది. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న ఆ సెట్టు ఈ వింత భారాన్ని ఓర్చుకుంది. తర్వాత వచ్చిన ట్రాన్సిస్టర్ సెట్లు కొన్ని ఓర్చుకోలేదు. కెపాసిటర్ భారంలో వోల్టేజి, కరెంటు కలిసి నడవవు. వోల్టేజి భారం మోస్తుండగానే ట్రాన్సిస్టర్ పెద్ద కరెంటు కూడా ఇవ్వాల్సి వచ్చి వేడెక్కుతుంది. ఫీడ్‌బ్యాక్ మార్గం అదుపు తప్పి చెవికి వినపడని స్వరంలో సెట్టు తనంతట తాను కంపించడం కూడా ఉంది. యాంప్లిఫయర్ చివర చిన్న తీగచుట్ట, దాని పక్కన నిరోధకం పెట్టడం దీనికి మందు. వోల్టేజికి కూడా హద్దుంది. పాత క్వాడ్ స్పీకరు 33 వోల్టులు దాటితే లోపల నిప్పురవ్వ లేస్తుంది. 1975లో వచ్చిన 100 వాట్ల క్వాడ్ 405కు ఈ స్పీకరు కోసం వోల్టేజిని కట్టడి చేసే ఏర్పాటు చేయాల్సి వచ్చింది.

ఈ జాతి స్పీకరు పాలమూరు జాతరకు రావడమనే ప్రశ్నే లేదు. ఆవేశం ఉన్న పొర దుమ్మును లాక్కుంటుంది, తేమకు దడుస్తుంది, ఆరుబయట దాని ధ్వని ఎక్కువ దూరం పోదు. అయినా దాని కథ ఇక్కడి పనివాళ్లకు పనికొచ్చే కథే, ఎందుకంటే అదే మార్పు ఇక్కడా జరిగింది. 1960ల చివర నుంచి ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్లు వాల్వు సెట్ల స్థానంలోకి వచ్చాయి. బరువు తగ్గింది. 12 వోల్టుల లారీ బ్యాటరీ మీద నడిచాయి. కరెంటు రాని పల్లెకూ, జీపు మీద ప్రచారానికీ ఇది పెద్ద సదుపాయం. జాగ్రత్తలు మాత్రం తలకిందులయ్యాయి. వాల్వు సెట్టుకు హారన్ ఊడిపోతే ముప్పు, ట్రాన్సిస్టర్ సెట్టుకు హారన్ వైర్లు రెండూ ఒకదానికొకటి తాకితే ముప్పు. గాలికి ఊగే తీగ, పందిరి కర్రల మధ్య నలిగిన వైరు ఇప్పుడు అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లను కాల్చేవి. 16 ఓముల కొస దగ్గర 4 ఓముల భారం వేస్తే వాల్వు సెట్టులో ధ్వని తగ్గి, గొంతు బొంగురుపోతుంది. ట్రాన్సిస్టర్ సెట్టులో ఫ్యూజో, దానికి ముందే ట్రాన్సిస్టరో పోతుంది. పాత చేతివాటం ఉన్నవాళ్లు కొత్త సెట్టును మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాల్సి వచ్చింది. ఆ నేర్చుకోవడం పుస్తకాల్లో అంతగా నమోదు కాలేదన్నది నిజంగా విచారించాల్సిన సంగతి.

ఆ సెట్ల మీద మోగిన పాటలకు ఆచారాలు ఏర్పడ్డాయి. టూరింగ్ టాకీసులో ఆట మొదలయ్యే ముందు డేరా మీది హారన్‌లో ఘంటసాల భక్తిగీతం వేసేవాళ్లు. అది వినపడితే పొలాల్లో ఉన్నవాళ్లకు ఆట వేళ తెలిసేది. ఘంటసాల భగవద్గీత రికార్డు 1974లో ఆయన చనిపోయిన తర్వాత తెలుగు నేలంతటా చావు ఇంటి మైకుకు వచ్చి చేరింది. ఇప్పుడు ఆ గీత ఏ వీధిలో వినిపించినా ఎవరో పోయారని ఊరికి తెలుస్తుంది. రికార్డుల తర్వాత క్యాసెట్లు వచ్చి మైకు సెట్టువాడి పెట్టె బరువు తగ్గించాయి.

1990ల నుంచి పెళ్లి ఊరేగింపుల్లో, వినాయక నిమజ్జనాల్లో హారన్‌ను పక్కకు నెట్టి స్పీకరు బాక్సులు ముందుకొచ్చాయి. గొంతు వినపడటం కంటే గుండెల మీద మోత తగలడం ముఖ్యమైంది. 100 వోల్టుల లైను దీనికి పనికిరాదు. లైన్ ట్రాన్స్‌ఫార్మర్లు కింది స్వరాలను మోయలేవు, బాక్సులు ఎలాగూ యాంప్లిఫయర్ పక్కనే ఉంటాయి. మందపాటి వైరు, 4 ఓములు, 8 ఓములు, సమాంతరంగా ఎన్ని కలపవచ్చన్న పాత లెక్క మళ్లీ తిరిగొచ్చింది. చవక బాక్సుల్లో పై స్వరాల కోసం పెట్టే పియజో ట్వీటర్ ఈ కథలో ఆసక్తికరమైన వస్తువు. పింగాణీ బిళ్లకు వోల్టేజి ఇస్తే వంగుతుంది, తీగచుట్ట ఉండదు. క్వాడ్ స్పీకరు లాగానే ఇదీ యాంప్లిఫయర్‌కు కెపాసిటరే. ఒక్కటే అయితే పై స్వరాల అంచున దాదాపు 60 ఓములు ఉంటుంది, బెంగ లేదు. బాక్సుల గోడ కట్టి ఎనిమిది కలిపితే అక్కడ 8 ఓముల కిందికి వస్తుంది. చవక యాంప్లిఫయర్ వేడెక్కుతుంది, ఒక్కోసారి వినపడని కంపంతో కాలిపోతుంది. ప్రతి ట్వీటర్‌కూ వరుసలో చిన్న నిరోధకం వేస్తే చాలు. ఇంగ్లండులో సంగీత ప్రియుల గదిలో దశాబ్దాల కింద ఎదురైన చిక్కు, పాలమూరు ఊరేగింపు ట్రాలీ మీద మరో రూపంలో ఎదురైంది, మందు కూడా దాదాపు అదే.

ధ్వని పెరిగే కొద్దీ చట్టం కూడా వచ్చింది. కేంద్ర ప్రభుత్వం 2000లో తెచ్చిన ధ్వని కాలుష్య నియమాల ప్రకారం లౌడుస్పీకరుకు రాతపూర్వక అనుమతి కావాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట వాడకూడదు. సాంస్కృతిక, మతపరమైన పండుగలకు ఏడాదికి 15 రోజులు మించకుండా అర్ధరాత్రి దాకా సడలించే అధికారం రాష్ట్రాలకు ఉంది. 2005లో సుప్రీంకోర్టు ఈ నియమాలను నిలబెట్టింది. లౌడుస్పీకరు వాడే బహిరంగ స్థలం హద్దు దగ్గర ధ్వని చుట్టుపక్కల ప్రమాణం కంటే 10 డెసిబెల్, లేదా 75 డెసిబెల్, రెండింటిలో ఏది తక్కువైతే అది దాటకూడదు. పై లెక్క ప్రకారం 30 వాట్ల హారన్ పూర్తి ధ్వనిలో 75కు దిగడానికి 300 మీటర్ల పైనే కావాలి. ఇళ్ల మధ్య ఉన్న గుడి, మసీదు, బడి దగ్గర అంత ఖాళీ ఉండదు. చట్టం కోరేది నిజానికి పాత జాతర పద్ధతే: ఒక్క హారన్‌ను గొంతు చించుకోనివ్వకుండా, 15 వాట్ల కొసకో అంతకంటే తక్కువకో మార్చిన హారన్లను దగ్గర దగ్గరగా, జనం ఉన్నవైపు వంచి కట్టడం.

గుళ్లలో, మసీదుల్లో, బస్టాండులో, బడి ఆవరణలో, ఎన్నికల ఆటోల మీద హారన్ ఇప్పటికీ ఉంది. ఊరేగింపులో బాక్సులదే రాజ్యం. కిరాయి దుకాణంలో ఈ రెండు రకాలకూ వేరువేరు యాంప్లిఫయర్లు ఉంటాయి. బాక్సులవి 4, 8 ఓముల స్టీరియో సెట్లు, హారన్లవి వెనక 100 వోల్టుల స్క్రూ ఉన్నవి. ఒకదానికి కట్టాల్సింది తెచ్చి ఇంకోదానికి తగిలిస్తే ఏమవుతుందన్నదే పనికి చేరిన కుర్రవాడికి ఇప్పటికీ మొదట నేర్పేది.